షుగర్ బస్సు కండక్టరు

మా వీధిలో ఎవరూ ఫోనులో అలారం పెట్టుకోరు. మా ఆయన మునిరత్నం ఉండగా వాళ్లకు ఆ అవసరం లేదు. పొద్దున నేను ఇడ్లీ పాత్ర పొయ్యి మీంచి దించుతానో లేదో, ఆయన తన వాటా తినేసి, మాత్ర మింగేసి, అరుగు మీద కూచుని ఫోను నోటికాడ పెట్టుకుంటాడు.

"ఎక్కండప్పా ఎక్కండి! షుగర్ బస్సు బయల్దేరతా ఉండాది! తినినోళ్లు, మాత్ర ఏసుకున్నోళ్లు ఎక్కండి! తిననోళ్లు తినేసి ఎక్కండి! మాత్రలు అయిపోవచ్చినోళ్లు ఇప్పుడే సెప్పండి, అయిపోయినాక కాదు!"

ఎదురింటి దూడ ఉలిక్కిపడి తల్లి పొదుగు వదిలేస్తుంది. "ఫోను కనిపెట్టిందే మెల్లగా మాట్లాడుకోవడానికయ్యా" అని నేను మొత్తుకుంటాను. ఆయన వినడు. ముప్పై ఏళ్లు ప్రైవేటు బస్సులో కండక్టరుగా అరిచిన గొంతు అది. పలమనేరులో మొదలై చిత్తూరు, మా పూతలపట్టు మీదుగా తిరుపతికి పోయే బస్సు. ఇంజను మోత, పాటల మోత, చంటిపిల్లల ఏడుపు, వీటన్నిటి మీదుగా వెనక సీటు దాకా వినపడాలి గదా మరి.

గొంతు సంగతి అట్లా ఉంచితే, కండక్టరుగా ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఎవరెక్కడ దిగాలో ఆయనకు గుర్తుండేది. పూతలపట్టులో దిగాల్సిన మనిషిని నిద్రలోనే తిరుపతికి మోసుకుపోయిన పాపం మా ఆయన ఏనాడూ మూటగట్టుకోలేదు. ఇక "రైట్" అనే మాట ఆయన నోట్లోంచి ఊరికే ఊడిపడేది కాదు. ఆఖరి మనిషి రెండో కాలు కూడా మెట్టు మీద పెట్టాలి. డ్రైవరు హారను మీద హారను కొట్టినా, వెనక బస్సు వచ్చి మీద పడుతున్నా సరే. "ఒక్క కాలు కింద ఉండాదన్నా, సెప్పను" అనేవాడు. దీనికి ఓనరు దగ్గర ఎన్ని తిట్లు తిన్నాడో నాకు తెలుసు. ఆయన బస్సు మెట్టు మీంచి జారిపడిన మనిషి ఒక్కరూ లేరని కూడా నాకు తెలుసు.

షుగర్ మా ఇంటికి చెప్పి రాలేదు. ఆగిన ప్రతిచోటా ఆయన ఒక టీ తాగేవాడు, చక్కెర దండిగా. ఒకరోజు ఇంటికొచ్చి చెప్పు విడిస్తే వసారా అంతా నెత్తురు. చెప్పు అడుగు నుంచి మేకు దిగి, బొటనవేలులోకి పోయి ఉంది. దానితోనే పొద్దున్నుంచి బస్సులో ముందుకూ వెనక్కూ నడిచాడు.

"నొప్పి లేదు మే, ఏంటికట్ట అరుస్తావు?" అన్నాడు.

నెత్తురు చూసి నేను భయపడలేదు. నొప్పి లేదన్న మాటకు భయపడ్డాను. వేలు తీసేశారు. బస్సు పని పోయింది. కొన్నాళ్లు అరుగు మీద కూచుని, కూడలిలో హారను వినపడగానే అది ఏ బస్సో చెప్పేవాడు. అట్లా కూచున్న మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఏం చేయాలో తెలియనప్పుడు నాకు ముందు కోపమే వస్తుంది.

ఆ పుండు మానేదాకా తిరుపతిలో ఆసుపత్రికి తిరిగాం. వరుసలో నిలబడితే చాలు, ఆయన్ను గుర్తుపట్టని వాళ్లు లేరు. "ఏం కండక్టరన్నా, నువ్వూ ఈ బస్సే ఎక్కినావా?" అని ఒకరు. "పలమనేరు కాడ్నించి ఏర్పేడు దాకా అందురూ ఇదే బస్సప్పా" అని ఈయన. అప్పుడు మొదలైంది. మాత్ర తినకముందా తిన్నాకా? కాలు ఎట్లా కడగాలి? నెలకోసారి రక్తం చూపించుకోవాలా? వరుసంతా ఇవే ప్రశ్నలు. లోపల డాక్టర్ రేవతి ఒక్కొక్కరికీ అదే జవాబు చెప్పి చెప్పి, మా వంతు వచ్చేసరికి గొంతు పోయి ఉండేది. ఆమె ఒకరోజు నవ్వుతూ అంది. "నాకు గొంతు లేదు, మీకు అవసరానికి మించి ఉంది. నేను చెప్పేది మీరు నలుగురికీ చెప్పకూడదా మునిరత్నం గారూ?"

అంతే. ఏర్పేడు దగ్గర హాస్టల్లో వంట చేసే సంతోషమ్మ వరుసలో మా వెనకే నిలబడి ఉంది. ఆమెకూ షుగరే. ఫోను వాడకంలో ఆమె ముందు ఎవరూ చాలరు. వరుసలోనే ఆయన ఫోను లాక్కుని వాట్సాప్‌లో గ్రూపు కట్టింది. పేరేం పెట్టమంటావన్నా అంటే, ఆలోచించకుండా "షుగర్ బస్సు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. కానీ అరుగు మీద కూచున్న మనిషి మళ్లీ లేచి నిలబడ్డాడు. ఆ రోజు సంతోషమ్మను కావలించుకోవాలనిపించింది.

గ్రూపు నడపడానికి కూడా ఆయన బస్సు పద్ధతే తెచ్చాడు. పొద్దున పిలుపు రాగానే ఒక్కొక్కరూ "ఎక్కినా" అని పెట్టాలి. చదువు రానివాళ్లు గొంతుతో చెప్పాలి. ఎక్కనివాళ్లకు ఈయనే ఫోను చేస్తాడు. అందరూ ఎక్కాక "రైట్ రైట్!" అంటాడు. ఆదివారం అరికాలు కింద అద్దం పెట్టి చూసుకోవాలి. నమ్మకం కుదరడానికి ముందుగా తన వేలు లేని కాలు ఫొటో తీసి పెట్టాడు. మా పెళ్లి ఫొటో కూడా అంతమంది చూసి ఉండరు.

ఏదో ఆకు నమిలితే షుగర్ మాయమని ఎవరైనా పంపితే, "టికెట్ లేకుండా ఎక్కినావు, దిగప్పా" అని దించేస్తాడు. మాత్ర పెంచనా తగ్గించనా అని అడిగితే మాత్రం ఒకటే మాట. "నేను కండక్టరును. డ్రైవరు డాక్టరమ్మ. కండక్టరు స్టీరింగు పట్టుకుంటే బస్సు చెరువులోకి పోతాది. ఆయమ్మనే అడగండి." డాక్టరమ్మ ఆదివారం ఓ అరగంట ఆ ప్రశ్నలు విని, తన గొంతుతోనే జవాబు పంపుతుంది.

చిత్తూరులో బియ్యం అంగడి గోవిందస్వామి అని ఒకాయన ఉన్నాడు. ఒకరోజు "అన్నా, పెండ్లిలో మైసూరుపాకు తినేసినా, ఒక్కటే" అని ఒప్పుకున్నాడు. "ఒక్క ముక్కా, ఒక్క ప్లేటా?" అన్నాడు ఈయన. గ్రూపంతా ఒకటే నవ్వు. ఆ నవ్వుకు జడిసైనా మరుసటి పెళ్లిలో ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడట.

ఇదంతా సాఫీగా పోతుండగా పెరటాసి వచ్చింది, దసరా రోజుల్లో వచ్చే అరవ నెల.

మా చిత్తూరు వైపు పెరటాసి శనివారాలు వెంకటేశ్వరస్వామివి. పొద్దున్నే తలకు పోసుకుని, నామం పెట్టుకుని, చెంబు పట్టుకుని వీధిలోకి పోతారు. ఎంత ఉన్నవాళ్లయినా సరే, "గోవిందా" అని నాలుగు గడపల ముందు అడిగి పిడికెడు పిడికెడు బియ్యం తెస్తారు. ఆ బియ్యం కలిపి వండి, అరిటాకులో రాశిగా పోసి స్వామి ముందు పెడతారు. దాన్ని తళిగ వేయడం అంటాం. తళిగ అయ్యేదాకా, అంటే మధ్యాహ్నం దాకా, ఏమీ తినరు. ఒక్కపొద్దు.

షుగర్ ఉన్నవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. ఒక్కపొద్దు అంటే తిండి మానడమే గానీ, మాత్ర తిండి కాదు గదా అని మా వాళ్ల లెక్క. మందు మానితే డాక్టరమ్మ తిడుతుంది, తిండి తింటే స్వామికి కోపం, అందుకని ఇద్దరినీ మెప్పిద్దామని ఖాళీ కడుపుతో మాత్ర మింగుతారు. మాత్ర తన పని తాను చేసుకుపోతుంది, ఖాళీ కడుపులో షుగర్‌ను మరీ కిందికి దించేస్తుంది. కిందటేడు గోవిందస్వామి అంగట్లో బియ్యం కొలుస్తూ కొలుస్తూ వణికి బస్తాల మధ్య కూలబడ్డాడు. ఆ భయంతో ఈసారి మొదటి శనివారానికి ముందే మా ఆయన గట్టిగా ఒక మాట పెట్టాడు.

"ఈ నెల మన బస్సులో ఒక్కపొద్దులు లేవు. షుగర్ ఉండేవాళ్లు తినాల్సిందే. స్వామి ఏమీ అనుకోడు, నేను సెప్తావుండా!"

వెంటనే వచ్చింది మా వదిన గొంతు.

మా వదిన జ్ఞానాంబ ఆయనకు అక్క. పలమనేరులో రెండావులు పెట్టుకుని, కూతురు పవిత్ర, అల్లుడితో ఉంటుంది. మా అత్త పోయేనాటికి మా ఆయన చిన్నపిల్లాడు. పెంచింది ఆమే. షుగర్ బస్సులో మొదటి సీటు ఆమెదే. రోజూ అందరికంటే ముందు "ఎక్కినా నాయనా" అనేది. అలాంటి మనిషి ఆ రోజు అందరూ వింటుండగా అనేసింది.

"ఏమిరా మునీ, స్వామి నీకు సెప్పినాడా? అమ్మ ఉండినప్పటినించి తప్పని ఒక్కపొద్దు నీ మాటకు మానాల్నా? వేలు పోయినా తల పొగరు పోలేదు గదరా నీకు. స్వామినే దించేసే బస్సు నాకొద్దు. నేను దిగిపోతావుండా."

దిగిపోయింది. గ్రూపులోంచి ఆమె పేరు మాయమైంది. ఈయన ఫోనుకేసి చూస్తూ కూచున్నాడు. ఇడ్లీ చల్లారిపోయింది.

"నువ్వన్నది కూడా అట్లాగే ఉంది" అన్నాను నేను. "స్వామి ఏమనుకుంటాడో, ఏమనుకోడో నీకెట్లా తెలుసు?"

"సచ్చిపోతాదేమోనని భయం మే నాకు."

"ఆ మాటే చెప్పి ఉండాల్సింది. భయం చెప్పకుండా ఆర్డరు వేశావు."

మరునాడు పొద్దున పిలుపు పిలిచాడు. అందరూ ఎక్కారు. ఈయన "రైట్" అనలేదు. ఫోను పక్కన పెట్టేశాడు. ఆ తర్వాత రోజూ అంతే. "అన్నా, రైట్ సెప్పలేదే?" అని సంతోషమ్మ అడిగింది. "ఒక మనిషి కింద ఉండాది మా" అన్నాడు. అక్కకు ఫోను చేస్తే ఎత్తదు. మొదటి శనివారం ఎట్లాగో గడిచింది. పవిత్ర చెప్పింది, సాయంత్రానికి అమ్మకు తల తిప్పిందని, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుందని. వారమంతా ఆయన ముఖంలో కళ లేదు. నాకు ఆమె మీదా కోపం, ఈయన మీదా కోపం. అక్కాతమ్ముళ్ల పట్టుదల ఒకే అచ్చులో పోసింది.

రెండో శనివారం పొద్దున ఈయన అక్కకు చేశాడు. ఎత్తలేదు. పవిత్రకు చేశాడు.

"అమ్మ చెంబు తీసుకుని వీధిలోకి పోయింది మామా. అప్పుడే పోయింది, ఇంకా రాలేదు."

"మాత్ర ఏసుకుందా?"

"ఏసుకుందే. నేను వద్దంటే, మాత్రకు ఒక్కపొద్దేందే అనింది."

"పోయి సూడు. ఆవుల సంగతి తర్వాత. ఉరుకు!"

ఆ "ఉరుకు" మా కూడలి దాకా వినపడి ఉంటుంది. ఫోను తెంచొద్దని చెప్పాడు. అవతల పవిత్ర చెప్పుల చప్పుడు, ఆయాసం, ఎవరినో అడగడం, అన్నీ మాకు వినపడుతున్నాయి. నేను వచ్చి ఆయన పక్కన కూచున్నాను. చేతికి పిండి అంటుకుని ఉన్నా కడుక్కోలేదు.

"మామా! ఉండాది! ఈడ ఎవురింటి అరుగు మీదనో కూచోనుండాది. ఒళ్లంతా చెమట. చెంబు పడిపోయి బియ్యం అంతా ఒలికిపోయినాయి. నేను పిలిస్తే నన్ను వేరే ఎవురో అనుకుంటాంది!"

"మాట్లాడతాందా? మింగగలదా?"

"ఏదో గొణుగుతాంది. కండ్లు తెరుసుకోనే ఉండాది."

"ఆ ఇంటోళ్లను చక్కెర నీళ్లు అడుగు. గట్టిగా కలపమను. కొంచెం కొంచెంగా తాపు. ఇంకొకర్ని 108కి ఫోను చెయ్యమను. పలకలేకపోతే మాత్రం నోట్లో సుక్క కూడా పొయ్యొద్దు."

ఇది డాక్టరమ్మ గ్రూపులో ఎన్నోసార్లు చెప్పిన పాఠమే. రోజూ విని విని నాకు కూడా కంఠతా వచ్చేసింది. నీళ్లు వచ్చాయి. కానీ మా వదిన నోరు తెరవలేదు. ఒళ్లు తెలియని ఆ స్థితిలో కూడా ఆమెకు ఒక్కటి గుర్తుంది, ఈరోజు ఒక్కపొద్దని. పళ్లు బిగించింది. గ్లాసు తోసేస్తోంది.

"మామా, తాగదంట! పండ్లు బిగించేసింది! నేనేం జెయ్యాల?" పవిత్ర ఏడుస్తోంది.

ఈయన లేచి నిలబడ్డాడు. "ఫోను గట్టిగా వినపడేట్టు పెట్టి, అక్క చెవికాడ పట్టుకో" అన్నాడు. బస్సు మెట్టు మీద నిలబడ్డట్టు ఒక చేత్తో వసారా స్తంభం పట్టుకున్నాడు. మళ్లీ తినమని చెబుతాడేమో, బతిమాలుతాడేమో అనుకున్నాను.

"ఏడుకొండలవాడా! వెంకట్రమణా! గోవిందా... గోవిందా!"

ముప్పై ఏళ్ల గొంతంతా పెట్టి అరిచాడు. ఈ వైపు పుట్టి పెరిగిన మనిషి ఆ పిలుపు వింటే పలకకుండా ఉండలేడు. కొండ మెట్ల మీద ఎంత అలసిపోయినా, కళ్లు మూసుకుపోతున్నా, ముందున్నవాళ్లు గోవిందా అంటే వెనకున్నవాళ్ల నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. ఫోనులో సన్నగా, తడబడుతూ, మా వదిన గొంతు వినపడింది.

"గోవిందా..."

"పొయ్యి పవిత్రా, పొయ్యి! ఒక్క గుటక! గోవిందా... గోవిందా!"

"గోవిందా..."

మరో గుటక. చుట్టూ చేరిన వీధివాళ్లు కూడా గొంతు కలిపినట్టున్నారు. ఫోనులోంచి ఊరంతా గోవింద పలుకుతున్నట్టు వినపడింది. మా వీధిలో కూడా వాకిళ్లలోకి వచ్చి నిలబడి అంటున్నారు, ఏం జరుగుతోందో తెలియకుండానే. ఈయన కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, గొంతు మాత్రం వణకలేదు. నేను ఇన్నేళ్లుగా తిట్టిన గొంతు అది. ఆ గొంతుగల మనిషికి పెళ్లామైనందుకు నాకు ఆ క్షణంలో గర్వంతో ఒళ్లు పులకరించింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

గ్లాసు సగం అయ్యాక మళ్లీ మా వదిన గొంతు, ఈసారి స్పష్టంగా.

"ఎవుడ్రా అది చెవులో అరిసేది?"

మేం పలమనేరు బస్సెక్కాం. పాత స్నేహితుడే కండక్టరు. సీటిస్తే ఈయన కూచోలేదు, దారంతా మెట్టు దగ్గరే నిలబడ్డాడు. ఆసుపత్రిలో మా వదిన మంచం మీద ఉంది, చేతికి సెలైను సూది. ముఖం తేటపడింది, కోపం కూడా తేటగానే ఉంది.

"నా ఒక్కపొద్దు చెడగొట్టినావు గదరా."

నేను నోరు తెరవబోయాను. ఈయన నన్ను ఆపి, మంచం పక్కన కింద కూచున్నాడు.

"నీ ఒక్కపొద్దు మానమని సెప్పే అధికారం నాకు లేదక్కా. నాకుండే భయం సెప్పుకోలేక అట్ట అరిసినా. అమ్మ పోయినాక నాకు నువ్వే గదా అమ్మవి. నువ్వు కూడా పోతే నన్ను రేయ్ అనేదానికి ఎవురుండారు?"

మా వదిన ముఖం అటు తిప్పుకుంది. ఈయనే మెల్లగా అడిగాడు.

"అక్కా, తళిగ మద్యానమే ఏంటికి ఏస్తారు?"

"అమ్మ అప్పుడే ఏస్తాండె."

"అమ్మ ఏంటికి అప్పుడు ఏస్తాండె?"

"ఏంటికంటే... నాయన చెరుకు గానుగ కాడ్నించి వచ్చేది అప్పుడే గదరా. నాయన రాందే తళిగ ఎట్ట..." అంటూ ఆగిపోయింది. కాసేపు పైకప్పు చూసింది. "అంటే ఇన్నేండ్లూ నేను నాయన కోసరం కాసుకోనుండానా? ఆయన పోయి ఎంత కాలమైందిరా!"

ముందు ఆమె నవ్వింది. తర్వాత పవిత్ర, తర్వాత నేను. నవ్వుతూ నవ్వుతూనే మా వదిన కళ్లు తుడుచుకుంది. "పొద్దున్నే అడిగి తెచ్చి, పొద్దున్నే వండి, ఎండెక్కకముందే ఏసేస్తే స్వామి కాదంటాడా? ఆయన లేచేదే తెల్లారకముందు" అంది. ఆ ఆలోచన ఆమెదే. మా ఆయన ఇప్పటికీ అందరికీ అదే చెబుతాడు. "నేను అడిగినా, అంతే. దారి సూపించింది మా అక్క."

అయినా సొంతంగా ఏమీ పెట్టలేదు. స్టీరింగు తనది కాదుగా. ఆదివారం డాక్టరమ్మను అడిగాడు. ఆమె సంతోషపడింది. "మామూలుగా టిఫిను తినే వేళకే తళిగ వేసి, ఆ ప్రసాదం తిని, తర్వాత మాత్ర వేసుకుంటే ఇబ్బంది లేదు. రాత్రి భోంచేసి పొద్దున తినేదాకా ఎటూ రోజూ ఖాళీ కడుపే కదా" అంది. తీపి పొంగలి మాత్రం వేలితో నాకే అంత చాలంది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు తనతో మాట్లాడకుండా ఏ ఒక్కపొద్దూ ఉండకూడదని గట్టిగా చెప్పింది. మా వదినకు మాత్ర కూడా మార్చింది. ఆ మాటలన్నీ డాక్టరమ్మ గొంతుతోనే గ్రూపులో పెట్టాడు ఈయన.

కానీ "రైట్" మాత్రం ఇంకా రాలేదు. ఎందుకంటే మా వదిన ఇంకా బస్సెక్కలేదు. "దిగిన బస్సు పిలిస్తే ఎక్కేదానికి నాకు సిగ్గు లేదా" అందట పవిత్రతో.

మూడో శనివారం. ఆ రోజు నేను కూడా తెల్లవారకముందే తలకు పోసుకుని, చెంబు పట్టుకుని వీధి తిరిగి వచ్చాను. ఎండ వాకిట్లోకి వచ్చేసరికి మా ఇంట్లో తళిగ అయిపోయింది. ఈయన ప్రసాదం తిని, మాత్ర వేసుకుని, అరుగు మీద కూచుని పిలుపు పిలిచాడు. ఫోను ఒక్కసారి మోగింది. సంతోషమ్మ ఎవరినో గ్రూపులోకి చేర్చింది.

"షుగర్ బస్సులో ఉండే అందురికీ జ్ఞానాంబ సెప్పేదేమంటే, తళిగ ఏసేసినా, తినేసినా, మాత్ర కూడా ఏసుకున్నా. ఒరే మునీ, ఎక్కినా. నా సీటు ఎవురికన్నా ఇచ్చేసినావేమో సూడు. గోవిందా!"

గోవిందస్వామి తన అంగట్లో బియ్యం బస్తాల మధ్య వేసిన తళిగ ఫొటో పెట్టి "గోవిందా, ఎక్కినా" అన్నాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు. పలమనేరు నుంచి, చిత్తూరు నుంచి, తిరుపతి నుంచి, అరిటాకుల మీద తెల్లటి రాశులు, మధ్యలో వెలుగుతున్న దీపాలు, నామాలు పెట్టుకున్న నవ్వుముఖాలు. ఫోను మోగుతూనే ఉంది. చివరికి సంతోషమ్మ. "అక్కా, మాది స్తోత్రం. నేనూ ఎక్కినా. మునిరత్నమన్నా, మా చర్చిలో శ్రమదినాల ఉపవాసాలు వచ్చేలోపల మాకు కూడా డాక్టరమ్మ కాడ ఇట్టాంటి దారి ఒకటి అడిగి పెట్టల్ల."

ఇక మిగిలింది ఒక్క మాట. ఈయన ఫోను నోటికాడ పెట్టుకున్నాడు. మీట నొక్కాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. మంచం పక్కన కింద కూచున్నప్పుడు కూడా పోని గొంతు, అక్కను చావు దగ్గర్నుంచి వెనక్కి పిలిచినప్పుడు కూడా వణకని గొంతు, ఇప్పుడు పూడుకుపోయింది. నా వైపు చూశాడు. కళ్ల నిండా నీళ్లు.

నాకు షుగర్ లేదు. ఆ బస్సులో నాకు సీటు లేదు. అయినా ఆయన చేతిలోంచి ఫోను లాక్కున్నాను.

"రైట్ రైట్!"

ఎదురింటి దూడ మళ్లీ ఉలిక్కిపడింది. వెంటనే మా వదిన జవాబు వచ్చింది. "అమ్మణ్ణీ జయంతీ, మా మునిగానికంటే నీ గొంతే పెద్దది గదే!"

ఈయన నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. నేను ఆయనకు ఇంకాస్త ప్రసాదం పెట్టబోయి, ఆయన వాటా అయిపోయిందని గుర్తొచ్చి, మంచినీళ్లు ఇచ్చాను.